పొరల ఊరు ఆత్రేయపురం

బియ్యప్పిండి నుంచి అద్దంలాంటి పొర తీయడం ఆ ఊరి ఆడవాళ్లకి చిటికెలో పని. అలాంటి పొరనే ప్లాస్టిక్‌కి బదులుగా నిలబెట్టాలని దేశదేశాల ప్రయోగశాలలు ఏళ్ల తరబడి కుస్తీ పడుతున్నాయి. చిత్రమేమిటంటే... తినేసే పొర ఆత్రేయపురం దాటి బయటి ఊరికి వెళ్లాలంటే మళ్లీ ప్లాస్టిక్ పొర కట్టుకోవాల్సిందే!

ధవళేశ్వరం దగ్గర గోదావరి రెండుగా చీలుతుంది. గౌతమి ఒక పక్క, వసిష్ఠ మరో పక్క. మధ్యలో మిగిలిన పచ్చటి ముక్కే కోనసీమ. 1847 నుంచి 1852 వరకు సర్ ఆర్థర్ కాటన్ ఇక్కడ ఆనకట్ట కట్టించాక కాలవలు వచ్చాయి. కాలవలతో వరి వచ్చింది, గట్ల మీద కొబ్బరి వచ్చింది, లంకల్లో అరటి వచ్చింది. బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా కాలవ గట్టు పట్టుకుని వెళ్తే, సినిమాల్లో చాలాసార్లు కనిపించిన లొల్ల లాకులు, ఆ దగ్గర్లోనే ఆత్రేయపురం. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా తూర్పు గోదావరిలో ఉన్న ఈ మండలం ఆ తర్వాత కోనసీమ జిల్లాలో చేరింది.

ఊళ్లోకి అడుగు పెట్టగానే దారి పొడవునా దుకాణాలే. 'నేతి పూతరేకులు', 'బెల్లం పూతరేకులు', 'డ్రైఫ్రూట్ పూతరేకులు' అంటూ బోర్డులు. శనివారమైతే మరీ రద్దీ. ఏడు శనివారాల మొక్కు తీర్చుకోవడానికి పక్కనున్న వాడపల్లి వెంకన్న దగ్గరికి వచ్చే భక్తులు, తిరుగు ప్రయాణంలో ఓ డబ్బా పట్టుకోకుండా వెళ్లరు. ఇక పెళ్లిళ్ల కాలం, సంక్రాంతి సంగతి చెప్పక్కర్లేదు. అల్లుడికి పెట్టే సారెలో పూతరేకులు లేకపోతే గోదావరి జిల్లాల్లో అది సారే కాదు!

చెయ్యి తిప్పేలోగా రేకు

పూతరేకు అనే మాటలోనే తయారీ అంతా ఉంది. పూత పూస్తారు, రేకు తీస్తారు. వాడే సరంజామా కూడా ఇంతే: ఓ ప్రత్యేకమైన కుండ, ఓ గుడ్డ ముక్క, పలచటి పిండి.

బియ్యాన్ని నానబెట్టి వెన్నలా రుబ్బుతారు. అన్ని బియ్యాలూ దీనికి పనికిరావు. జయ బియ్యమని ఇక్కడివాళ్లు పిలిచే లావు రకమే కావాలి. రుబ్బిన పిండిని పాలలా పలచగా కలుపుతారు. కుండని పొయ్యి మీద బోర్లిస్తారు. నున్నగా, గుండ్రంగా ఉన్న దాని వీపే పెనం. కింద మంటకి ఎండిన కొబ్బరాకులు. కట్టెలు పెడితే సెగ ఎక్కువై రేకు మాడిపోతుంది. కొబ్బరాకు మంట చప్పున లేస్తుంది, చప్పున తగ్గుతుంది. దాంతో సెగ ఎప్పుడూ చేతి అదుపులోనే ఉంటుంది.

రెండు చేతులతో గుడ్డ అంచులు పట్టుకుని పిండిలో ముంచి, కుండ వీపు మీదుగా ఒక్క లాగు లాగుతారు. అంతే! కళ్లార్పేలోగా పిండి ఆరి పొరవుతుంది. అంచు పట్టుకుని మెల్లగా లేపితే కాగితంకన్నా పలచని రేకు చేతికొస్తుంది. అది చూడ్డానికి తేలికే. కొత్తగా నేర్చుకునేవాళ్ల చేతిలో మాత్రం సగం రేకులు చిరుగుతాయి, సగం కుండకే అంటుకుపోతాయి. పిండి కాస్త చిక్కనైతే రేకు మందం, మరీ పలచనైతే చిల్లులు. సెగ తగ్గితే ఊడిరాదు, పెరిగితే పెళుసు. ఇవన్నీ కొలిచే సాధనమేదీ పొయ్యి దగ్గర ఉండదు. తల్లి పక్కన కూర్చుని కూతురు, అత్త పక్కన కూర్చుని కోడలు నేర్చుకున్న చేతి లెక్కలే!

చుట్టేటప్పుడు మరో కిటుకుంది. ఎండు రేకుని అలాగే మడిస్తే ముక్కలైపోతుంది. అందుకే తడి గుడ్డ తగిలించి మెత్తబరుస్తారు. నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి, మరో రేకు పరిచి మడత పెడతారు. ఊళ్లో వందల కుటుంబాలకి ఇదే బతుకుదెరువు. కాటన్ దొర పేరు పెట్టుకున్న తయారీదారుల సంఘం దరఖాస్తుతో 2023 జూన్‌లో ఆత్రేయపురం పూతరేకుకి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

పండు కూడా పొరే!

ఆత్రేయపురంలో రెండో పొర కూడా ఉంది... మామిడి తాండ్ర. వేసవి వచ్చిందంటే పండిన కాయల రసం తీసి, తీపి కలిపి, చాపల మీద పలచగా పూస్తారు. ఎండకి ఆరాక దానిమీద ఇంకో పూత. అలా పూత మీద పూత వేస్తూ పోతే తాండ్ర తయారు. పూతరేకుని పట్టి ఉంచేది బియ్యంలోని పిండి పదార్థమైతే, తాండ్రకి బిగువునిచ్చేది పండులోని పెక్టిన్.

ఈ రెండింటినీ శాస్త్రవేత్తలు చూసే చూపు వేరు. వాళ్ల భాషలో ఇవి 'తినదగిన ఫిల్ములు'. అమెరికా వ్యవసాయ శాఖకి చెందిన పరిశోధకులు 1990ల్లో కాలిఫోర్నియాలో పండ్ల గుజ్జుతో పలచటి పొరలు చేసి, వాటిగుండా తేమ ఎంత పోతుంది, గాలి ఎంత పోతుంది అని కొలిచారు. ఆ తర్వాత బ్రెజిల్ వ్యవసాయ పరిశోధకులు మామిడి వంటి పండ్లతో అలాంటి పనే చేశారు. పోలికకి చూస్తే అది తాండ్రకి దగ్గరి చుట్టమే!

బియ్యం పొరలకీ చుట్టాలు తక్కువేం కాదు. వియత్నాంలో ఆవిరి కుండ మీద బిగించిన గుడ్డపై బియ్యప్పిండి పోసి పలచటి కాగితాలు తీస్తారు. వాటిలో కూరలు చుట్టుకుని తింటారు. జపాన్‌లో 'ఒబ్లాట్' అని పిండి పదార్థంతో చేసిన సన్నటి పొర దొరుకుతుంది. చేదు మందు పొడిని అందులో చుట్టి మింగుతారు. చేతికంటుకునే జిగురు మిఠాయిలకి కూడా అదే చుడతారు. పైపొర విప్పక్కర్లేదు, నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది. అంటే పిండి పొరని పొట్లంగా వాడటం కొత్త ఊహేమీ కాదన్నమాట.

కుండ మీద జరిగేదేమిటి?

బియ్యపు గింజలో పిండి పదార్థం సన్నటి రేణువులుగా ఉంటుంది. చల్లటి నీళ్లలో అవి కరగవు, అడుక్కి చేరతాయి. అందుకే పూతరేకు పిండిని మధ్యమధ్యలో కలుపుతూ ఉండాలి. వేడి తగలగానే రేణువులు నీటిని పీల్చి ఉబ్బి విచ్చుకుంటాయి. లోపలున్న పొడవాటి గొలుసులు బయటికొస్తాయి. నీరు ఆవిరవుతున్నకొద్దీ ఆ గొలుసులు ఒకదాన్నొకటి పెనవేసుకుని వలలా అల్లుకుంటాయి. ఆ వలే పొర.

ఈ గొలుసులు రెండు రకాలు. తిన్నగా ఉండేది అమైలోజ్, కొమ్మలు కొమ్మలుగా ఉండేది అమైలోపెక్టిన్. తిన్నగా ఉన్నవి పక్కపక్కన చేరి బాగా బిగుసుకుంటాయి కాబట్టి అమైలోజ్ ఎక్కువుంటే పొర గట్టిగా వస్తుంది. వండితే పొడిపొడిగా విడిపోయే బియ్యంలో అది ఎక్కువ, ముద్దగా అతుక్కునే బియ్యంలో తక్కువ. బియ్యం రకం విషయంలో ఆత్రేయపురం ఆడవాళ్లు ఎందుకంత పట్టుబడతారో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

తడి గుడ్డ కిటుకు వెనకా రసాయన శాస్త్రముంది. నీటి అణువులు గొలుసుల మధ్యకి దూరి వాటిని కాస్త ఎడం చేస్తాయి. దాంతో గొలుసులు ఒకదాని మీద ఒకటి జారగలుగుతాయి, రేకు వంగుతుంది. ప్రయోగశాలలో ఇదే పనికి గ్లిజరిన్ వాడతారు. నీరు ఆరిపోతుంది, గ్లిజరిన్ అంత తేలిగ్గా ఆరదు. కాబట్టి పొర చాలాకాలం మెత్తగా ఉంటుంది. పిండి, నీరు, గ్లిజరిన్ కలిపి కాచి, పళ్లెంలో పోసి ఆరబెట్టి పొర తీయడం పరిశోధకులు మొట్టమొదట చేసే పని. అలా ఆరడానికి గంటలు, ఒక్కోసారి రోజు పైనే పడుతుంది. కుండ మీద అదే పని క్షణంలో అవుతుంది!

తడి తగిలితే...

మరి ఇంత చక్కటి పొర ప్లాస్టిక్‌ని ఎందుకు తరిమెయ్యలేకపోయింది? జవాబు పూతరేకు డబ్బాలోనే ఉంది. వర్షాకాలంలో మూత తీసి ఓ పూట వదిలేసి చూడండి. కరకరలాడే రేకు మెత్తబడి, చుట్టుకుపోయి, ముద్దయిపోతుంది. బెల్లం రేకులైతే మరీనూ, బెల్లం తేమని ఇట్టే పీల్చుకుంటుంది.

పిండి పొరకి ఇదే పెద్ద లోపం. పొడిగా ఉన్నంతసేపు అది ప్రాణవాయువుని బాగానే ఆపుతుంది. నూనెని కూడా నిలువరిస్తుంది. నీటి ఆవిరిని మాత్రం ఆపలేదు, ఎందుకంటే అది నీటికి చుట్టం. మిఠాయికి కావాల్సిందేమో సరిగ్గా తేమని ఆపే పొర. పాలిథిన్ తయారయ్యేది నీటిని దగ్గరికి రానివ్వని గొలుసులతో. చవక, తేలిక, వేడికి అతుక్కుంటుంది. అందుకే తినే పొర చుట్టూ తినలేని పొర చేరింది. మిఠాయి వారంలో అయిపోతుంది. కవరు మాత్రం తరాలు మారినా మట్టిలో అలాగే ఉంటుంది.

ఇది ఒక్క ఊరి సమస్య కాదు. ప్రపంచంలో ఏటా పోగయ్యే ప్లాస్టిక్ చెత్తలో దాదాపు 40 శాతం ప్యాకింగ్‌దే. ఆర్థిక సహకారం, అభివృద్ధి సంస్థ 2022లో వేసిన లెక్క ప్రకారం ప్లాస్టిక్ వ్యర్థాల్లో మళ్లీ వాడకంలోకి వచ్చేది 9 శాతమే. మన దేశంలో 2022 జులై 1 నుంచి కొన్ని రకాల ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్ని నిషేధించారు. గరిటెలు, స్ట్రాలు అందరికీ తెలుసు. ఆ జాబితాలో మిఠాయి డబ్బాల చుట్టూ చుట్టే పలచటి ఫిల్ము కూడా ఉందని ఎంతమందికి తెలుసు? 2022 డిసెంబరు 31 నుంచి చేతి సంచులు కూడా 120 మైక్రాన్లకి తగ్గకూడదు. రూలు వచ్చింది, దాని బదులు ఏది వాడాలన్నదే చిన్న దుకాణదారుడి ప్రశ్న.

పారేసేదాంట్లోనే ఉంది

ఆ జవాబు కోసం మళ్లీ కోనసీమ చుట్టూనే చూడొచ్చు. ఆత్రేయపురం నుంచి కాస్త దూరం వెళ్తే రావులపాలెం. జాతీయ రహదారి పక్కనే పేరుమోసిన అరటి మార్కెట్. గెలలు లారీలెక్కి ఊళ్లు దాటిపోతాయి. మరి చెట్టో? అరటి ఒక్కసారే గెల వేస్తుంది. గెల కొట్టాక బోదెని నరికి గట్టు మీద పడేయాల్సిందే. ఆ బోదె నిండా నారే. నార అంటే సెల్యులోజ్. తిరుచిరాపల్లిలోని జాతీయ అరటి పరిశోధన కేంద్రం, గుజరాత్‌లోని నవసారి వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ బోదె నుంచి నార, కాగితం వంటివి తీసే పద్ధతుల మీద పనిచేశాయి. అరటి తొక్కలో పెక్టిన్, పిండి పదార్థం రెండూ ఉంటాయి. వాటితో పొరలు తీసిన ప్రయోగాలూ చాలా ఉన్నాయి.

వరి గడ్డిలో మూడో వంతుకి పైగా సెల్యులోజే. మిల్లుల్లో మిగిలే నూకలు అచ్చంగా పిండి పదార్థం. తాండ్ర కాలంలో గుట్టలుగా పడే టెంకల్లోని జీడిలో కూడా చాలా భాగం పిండి పదార్థమే. పైగా కొవ్వు చెడిపోకుండా కాపాడే ఫినాల్ పదార్థాలు అందులో ఉంటాయి. నెయ్యి మిఠాయికి చుట్టే పొరలో అవి ఉంటే మంచిదే కదా! కొబ్బరి పీచు సంగతి కోనసీమకి చెప్పాలా?

పరిశోధకులు చేస్తున్నది ఇలాంటి వాటిని జోడించడమే. ఉట్టి పిండి పొర బలహీనం కాబట్టి గడ్డి నుంచో బోదె నుంచో తీసిన అతి సన్నటి సెల్యులోజ్ పోగుల్ని అందులో కలుపుతారు. మట్టి గోడలో గడ్డి కలిపినట్టే అనుకోండి. తేమని ఆపడానికి పైన తేనెమైనం పూత పూస్తారు. గొలుసుల్ని మరింత గట్టిగా ముడివేయడానికి నిమ్మ ఉప్పు వాడతారు. ఒక్కో మార్పుతో పొర కొంత మెరుగవుతుంది, ఖర్చూ కొంత పెరుగుతుంది.

పొర కాకపోయినా పళ్లెం చేయడం తేలిక. తిరువనంతపురంలోని జాతీయ పరిశోధన సంస్థ నిస్ట్ తవుడు, ఊక, పండ్ల తొక్కల వంటి వాటిని అచ్చుల్లో నొక్కి పళ్లేలు చేసే పద్ధతిని రూపొందించింది. పళ్లేనికి మందం ఉంటుంది కాబట్టి చిన్న చిన్న లోపాలు సర్దుకుంటాయి. పలచటి పొరలో సూది బెజ్జమంత లోపమున్నా తేమ లోపలికి దూరిపోతుంది.

లడ్డూ సంచి చెప్పిన సంగతి

తెలుగువాళ్లకి బాగా తెలిసిన మరో మిఠాయికి కొత్త సంచి ఇప్పటికే వచ్చింది. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ హైదరాబాద్ ప్రయోగశాల రూపొందించిన, మట్టిలో కలిసిపోయే సంచుల కోసం 2021 ఆగస్టులో తిరుమల లడ్డూ కౌంటర్ల దగ్గర ప్రత్యేక విక్రయ కేంద్రం తెరిచారు. క్షిపణుల పని చూసే సంస్థ నుంచి లడ్డూ సంచి రావడం అప్పట్లో అందరినీ ఆకట్టుకుంది.

అయితే ఇక్కడ ఓ మెలిక ఉంది. 'బయో' అన్న మాట కనబడగానే అంతా మొక్క నుంచే వచ్చిందనుకోకూడదు. ఇలాంటి సంచుల్లో ఎక్కువగా వాడే పీబీఏటీ అనే పాలిమర్ చాలావరకు పెట్రోలియం నుంచే వస్తుంది. అయినా సూక్ష్మజీవులు దాన్ని తినగలవు. మొక్కజొన్న పిండిని పులియబెట్టి చేసే పీఎల్ఏ మొక్క నుంచే వస్తుంది. కానీ పెరట్లో పాతిపెడితే అంత త్వరగా కరగదు. 58 నుంచి 60 డిగ్రీల వేడి నిలిచి ఉండే పెద్ద కంపోస్టు కేంద్రాలు కావాలి. ఎక్కడి నుంచి వచ్చిందనేది ఒక ప్రశ్న, ఎక్కడ కరుగుతుందనేది ఇంకో ప్రశ్న. కాలవలో పడేస్తే రెండూ చెత్తే!

మరో రకం ఇంకా ప్రమాదం. మామూలు పాలిథిన్‌లోనే ఏదో కలిపి 'కరిగిపోతుంది' అని అమ్ముతుంటారు. అది పొడి పొడిగా విడిపోతుందే తప్ప మట్టిగా మారదు. కంపోస్టయ్యే ప్లాస్టిక్ అని అమ్మాలంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం తప్పనిసరి. సంచి మీద ఆ వివరం ఉందో లేదో చూసుకోవడం కొనేవాళ్ల చేతిలో పని.

పొయ్యి దగ్గర లెక్క

పూతరేకు చేసే ఇంట్లో ఈ లెక్కలన్నీ చివరికి ఓ డబ్బా ధర దగ్గరికొస్తాయి. బియ్యం, నెయ్యి, బెల్లం కొనాలి. రోజంతా పొగలో, సెగలో కూర్చున్న మనిషికి కూలి రావాలి. ఆ మిగిలిన కాస్తలోనే ప్యాకింగ్ ఖర్చు. ప్లాస్టిక్ డబ్బాకి బదులు ఖరీదైన పొర వాడమంటే భారం పొయ్యి ముందున్న మనిషి మీద పడకూడదు. అలాగని నాసిరకం పొర చుడితే రేకు మెత్తబడి, విదేశాలకి పంపిన డబ్బా వెనక్కొస్తుంది. గుర్తింపు వచ్చాక ఊరి పేరు ప్రతి డబ్బా మీదా ఉంటుంది కాబట్టి, ఒక్క డబ్బా చెడినా అందరికీ నష్టమే.

ఈలోగా చేయగలిగినవి లేకపోలేదు. అక్కడికక్కడే తినేవారికి అరిటాకు ముక్కలో పెట్టివ్వొచ్చు. దగ్గరి ఊళ్లకి తీసుకెళ్లేవారికి అట్టపెట్టె సరిపోతుంది. ఇంటి నుంచి స్టీలు డబ్బా తెచ్చుకుంటే మరీ మంచిది, గాలి చొరబడని మూత కన్నా గొప్ప ప్యాకింగ్ ఏముంది? తేమని ఆపే పొర నిజంగా అవసరమయ్యేది దూర ప్రయాణం చేసే డబ్బాలకే. కొత్త పొరలు మొదట నెగ్గాల్సిందీ అక్కడే. దానికి కావాల్సిన నూకలు, బోదెలు, టెంకలు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. పొర తీయడం తెలిసిన చేతులూ అక్కడే ఉన్నాయి. గుజ్జు తీసే యంత్రాలు, పరీక్షించే ప్రయోగశాల, కొనే దుకాణం... ఈ మూడూ ఆ చేతులకి దగ్గరగా రావాలి.

ఇంట్లోనే పొర తీద్దామా?

సెలవు రోజున పిల్లలతో చేయించదగ్గ ప్రయోగమిది. పెద్దవాళ్లు పక్కనుండాలి. ఒక పెద్ద చెంచా మొక్కజొన్న పిండిని నాలుగు పెద్ద చెంచాల నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. ఒక చిన్న చెంచా వెనిగర్, ఒక చిన్న చెంచా గ్లిజరిన్ చేర్చండి. సన్నటి సెగ మీద ఆపకుండా కలుపుతుంటే తెల్లటి పిండి కాసేపటికి చిక్కబడి, అద్దంలా మారుతుంది. దాన్ని నున్నటి పళ్లెం మీదో, అల్యూమినియం రేకు మీదో పలచగా పరిచి ఒకట్రెండు రోజులు నీడలో ఆరనివ్వండి. అంచు లేపితే పొర ఊడొస్తుంది. ఒక ముక్కని గ్లిజరిన్ లేకుండా చేసి చూస్తే అది పెళుసుగా విరుగుతుంది. ఇంకో ముక్కని నీళ్లలో వేస్తే మెత్తబడిపోతుంది. ఇది ప్రయోగానికే, తినడానికి కాదు.

ఎలా వెళ్లాలి?

రాజమహేంద్రవరం నుంచి ధవళేశ్వరం బ్యారేజీ, బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం సుమారు గంట ప్రయాణం. విజయవాడ వైపు నుంచి వచ్చేవారు జాతీయ రహదారి మీద రావులపాలెంలో దిగాలి. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, లొల్ల లాకులు, వాడపల్లి వేంకటేశ్వరాలయం, ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి గుడి ఒకే రోజులో చూడొచ్చు. రద్దీ తక్కువగా ఉండాలంటే శనివారం కాకుండా చూసుకోండి. తాండ్ర ఆరబెట్టడం చూడాలంటే వేసవిలో వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఓ స్టీలు డబ్బా మరవకండి!